సీమ జీలకర్ర కథ



ఈ పూట నేను ఎరువుల సంగతి గాని, పురుగుమందుల సంగతి గాని చెప్పబోవటం లేదు. ఒక చిన్న గింజ కథ చెపుతాను. అది ఎందుకు చెప్పవలసి వచ్చిందో ముందు మనవి చేసుకుంటాను.

కొన్నేళ్ళ కిందట నేను వికారాబాదు వైపు పనిచేస్తుండగా ఒక పెద్దాయన, మంచి సేద్యగాడు, నా దగ్గరికి వచ్చాడు. "సారూ, బిర్యానీల ఏసే షాజీరా ధర ఎంతున్నదో ఎరికేనా మీకు? మామూలు జీలకర్ర దాని ముంగట ఏమున్నది! మన దగ్గర ధనియాలు పండుతయి, వాము పండుతది. మరి ఇదెందుకు పండదు?" అని అడిగాడు. అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఎవరో వ్యాపారి షాజీరా విత్తనమని చెప్పి ఆయనకు సంచెడు అంటగట్టాడు. నేను చదువుకున్న డిప్లొమా పాఠాల్లో ఈ పంటను గురించి మూడు వాక్యాలకు మించి లేదు. ధనియాల కుటుంబమే గదా అనుకున్నాను. "రావచ్చు పెద్దయ్యా, ఒక అర ఎకరంలో వేసి చూడండి" అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

అక్టోబరులో వేశాడు. మూడు వారాలకు గాని మొలక రాలేదు. వచ్చిన తరువాత మాత్రం ఆకు కళకళలాడింది. చూడటానికి క్యారట్ ఆకులాగా సన్నగా చీలికలు చీలికలుగా ఉన్నది. జనవరి వచ్చింది, ఫిబ్రవరి వచ్చింది. పక్క చేలో ధనియాలు పూసి, కాసి, కోతకు వచ్చాయి. ఇది మాత్రం నేలకు అంటుకుని పచ్చగా కూర్చుంది. కాడ లేవదు, పూత లేదు. ఏప్రిల్ ఎండలకు వాడిపోవటం మొదలుపెట్టింది. అప్పుడాయన ఒక మొక్కను వేరుతో సహా పెకలించి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వేలెడు లావున తెల్లటి గడ్డ. "సారూ, ఇది గింజ పంటనా, గడ్డ పంటనా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు ఆ రోజున నా దగ్గర జవాబు లేదు. తరువాత వెతికి తెలుసుకున్న జవాబే ఈ ప్రసంగం.

ముందు పేర్ల చిక్కు విప్పుకుందాం. మన అంగళ్ళలో జీర అన్న మాట తగిలించుకున్న గింజలు నాలుగు రకాలున్నవి. ఒకటి మనం రోజూ పోపులో వేసే జీలకర్ర. రెండోది నల్ల జీలకర్ర, ఉత్తరాదివారు కలోంజీ అంటారు. నల్లగా, మూలలు తేలి, ఉల్లి విత్తనంలాగా ఉంటుంది. దానికీ జీలకర్రకూ చుట్టరికమే లేదు. మూడోది కాశ్మీరు, హిమాచల్ కొండల్లోనూ ఇరాన్ కొండల్లోనూ పెరిగే అసలు షాజీరా. నాలుగోది ఐరోపావారి గింజ. ఇంగ్లీషులో దాన్ని కారవే అంటారు. మన తెలుగు పుస్తకాల్లో సీమ జీలకర్ర అనీ, సీమ సోపు అనీ రాశారు. అంగట్లో మాత్రం షాజీరా అన్న ఒక్క పేరు మీదనే మూడోదీ అమ్ముతారు, నాలుగోదీ అమ్ముతారు. మా పెద్దాయనకు దొరికింది ఈ నాలుగోది.

ఈ తికమక మన ఒక్కరిదే కాదు, చూడండి. జర్మనీలో క్యూమెల్ అంటే సీమ జీలకర్ర. మన జీలకర్ర కావాలంటే క్రాయిత్స్‌క్యూమెల్ అని అడగాలి. స్వీడన్‌లో కుమ్మిన్ అంటే సీమ జీలకర్ర, మనది స్పీస్‌కుమ్మిన్. అంచేత అక్కడి వంట పుస్తకం ఎవరైనా తొందరపడి తెనుగు చేస్తే, రొట్టెలోకి ఒక గింజకు బదులు ఇంకొక గింజ వచ్చి పడుతుంది. వాసన చూస్తే తేడా తెలిసిపోతుంది. జీలకర్ర తిన్నగా, కాస్త బూడిదరంగుగా ఉంటుంది, వాసన ఘాటు. సీమ జీలకర్ర నెలవంకలాగా వంగి, గోధుమరంగు మీద ఐదు తెల్లని గీతలతో ఉంటుంది. నలిపితే సోపు వాసనా పుదీనా వాసనా కలిసి వస్తాయి. అసలు షాజీరా దీనికన్నా సన్నం, నలుపు ఎక్కువ.

ఆ పుదీనా వాసన ఉత్త భ్రమ కాదు. సీమ జీలకర్రలో నూటికి మూడు నుంచి ఏడు వంతుల దాకా సువాసన తైలం ఉంటుంది. అందులో సగానికి పైగా కార్వోన్ అనే పదార్థమే. మనం పచ్చళ్ళలో వేసే పుదీనా తైలంలోనూ ముఖ్యమైనది కార్వోనే. అయితే మన కుడిచెయ్యీ ఎడమచెయ్యీ ఒకే తీరుగా ఉన్నా ఒకదాని చేతితొడుగు రెండోదానికి పట్టనట్లు, ఈ రెండు కార్వోన్లూ అద్దంలో బొమ్మల వంటివి. ముక్కు మాత్రం రెండింటినీ వేరుగా పోల్చుకుంటుంది.

ఇహ చరిత్రలోకి వస్తాను. స్విట్జర్లండు సరస్సుల ఒడ్డున కొత్తరాతి యుగంనాటి పల్లెలను తవ్వితే ఈ గింజలు దొరికాయి. అప్పటివారు బయళ్ళలో దానంతట అది పెరిగినదాన్ని ఏరుకుని ఉంటారు. ఇప్పటికీ ఐరోపా గడ్డిబీళ్ళలో ఇది కలుపు మొక్కలాగా కనపడుతుంది. క్రీ.శ. 79లో మరణించిన రోమను పండితుడు ప్లినీ, ఈ గింజకు కేరియా దేశం మూలాన పేరు వచ్చిందనీ, వంటశాలలోనే దీని వాడకం ఎక్కువనీ రాశాడు. కేరియా అంటే నేటి తుర్కీ దేశపు నైరుతి భాగం. అపీకియస్ పేరు మీద నిలిచిన రోమను వంటల పుస్తకంలో మాంసపు పులుసుల్లోనూ కూరల్లోనూ ఈ గింజ మాటిమాటికీ కనపడుతుంది.

విస్తరణ ఉద్యోగులు ఇక్కడ కాస్త చెవి ఒగ్గాలి. సుమారు క్రీ.శ. 800 ప్రాంతంలో ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ తన ఎస్టేటుల మీది అధికారులకు ఒక ఉత్తరువు పంపించాడు. తోటల్లో ఏయే మొక్కలు వేయాలో అందులో జాబితా ఉన్నది. డెబ్బైకి పైగా పేర్లున్నవి. జీలకర్ర పేరు ఒకచోట, సీమ జీలకర్ర పేరు వేరే చోట. రెండూ రెండు పంటలని ఆనాటి గుమాస్తాకు స్పష్టంగా తెలుసు. పన్నెండు వందల ఏళ్ళనాటి ఆ సర్క్యులరు చూసినప్పుడు నాకు కొంచెం సిగ్గు వేసిన మాట నిజం.

అరబ్బులు దీన్ని కరావియా అన్నారు. ఇంగ్లీషు మాట ఆ అరబ్బీ నుంచే తిరిగి తిరిగి వచ్చింది. ట్యునీషియాలో ధనియాలు, సీమ జీలకర్ర, వెల్లుల్లి, మిరపకాయ కలిపి తాబిల్ అనే పొడి చేస్తారు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి వచ్చింది గనుక, ఆ పొడిలో అది మాత్రం కొలంబస్ తరువాతి కాలపు చేర్పు. లెబనానులో బిడ్డ పుట్టిన ఇంట్లో మొగ్లీ అనే పాయసం వండుతారు. బియ్యపు పిండి, చక్కెర, సీమ జీలకర్ర పొడి, దాల్చిన చెక్క కలిపి చాలాసేపు కలియబెడుతూ ఉడికించి, పైన బాదం, అక్రోటు పరిచి, చూడవచ్చినవారికి పెడతారు. మన ఇళ్ళలో బాలింతకు వాము పెడతాం గదా, ఆ వరసే.

ఇంగ్లండు రాజు రెండవ రిచర్డు వంటవాళ్ళు సుమారు 1390లో రాసిపెట్టిన వంటల పుస్తకం ఒకటి ఉన్నది. అందులో పంది మాంసం కాల్చే పద్ధతి చూస్తే మనకు ఆశ్చర్యం వేస్తుంది. ధనియాలు, సీమ జీలకర్ర సన్నగా నూరి, మిరియాల పొడి, వెల్లుల్లి ముద్ద చేర్చి, ఎర్ర ద్రాక్షసారాలో కలిపి మాంసానికి పట్టించాలట! మసాలా నూరటం మన ఒక్కరి సొత్తని అనుకునేవాళ్ళం.

అయితే అది రాజుగారి వంట. మిరియం మన మలబారు తీరం నుంచి ఓడలెక్కి, ఎందరి చేతులో మారి అక్కడికి చేరాలి. పల్లెటూరి రైతు దాన్ని కొనగలిగేవాడు కాదు. అతనికి పెరట్లో, గడ్డిబీడులో ఊరికే దొరికే ఘాటు గింజ ఇదే. ఉత్తర ఐరోపాలో చలి ఎక్కువ, చాలాచోట్ల ఇసుక నేలలు, గోధుమ సరిగా రాదు. అక్కడ రై అనే ధాన్యం పండించి దాని పిండితో రొట్టె చేసుకున్నారు. రై పిండి గోధుమ పిండిలాగా సాగదు, పొంగదు. పులియబెట్టి కాల్చినా రొట్టె బరువుగా, నల్లగా, ఇటుకలాగా వస్తుంది. చలికాలం పొడుగునా దానికి తోడు ఉప్పులో ఊరవేసిన క్యాబేజీ. ఇవి రెండూ కడుపులో వాయువు చేసే తిండి. సీమ జీలకర్ర వాయువును అణుస్తుంది. ఆ రొట్టెలోనూ ఆ క్యాబేజీలోనూ ఈ గింజ వచ్చి చేరటానికి కారణం నా దృష్టిలో ఇదే. రుచి తరువాత అలవాటయింది. జర్మనీ, పోలండు, లాత్వియా పల్లెల్లో రై రొట్టె అంటే ఈ గింజ వాసన గుర్తుకు వస్తుంది. ఉత్తర దేశాల్లో దీనితో సారాయి కూడా కాస్తారు. ఆ సంగతి మనకెందుకు లెండి.

ఇంగ్లండులో థామస్ టస్సర్ అని ఒక రైతు ఉండేవాడు. సఫోక్, ఎసెక్స్ ప్రాంతాల్లో వ్యవసాయం చేశాడు. నెలవారీగా ఏ పని ఎప్పుడు చేయాలో పద్యాల్లో చెప్పి 1557లో వంద సూత్రాల పుస్తకం వేశాడు. 1573 నాటికి దాన్ని ఐదు వందలకు పెంచాడు. గోధుమ విత్తటం ముగిసిన రోజున పాలేర్లకు గింజల కేకూ, పిండివంటలూ, గోధుమ పాయసమూ పెట్టటం మరిచిపోవద్దని అందులో ఇల్లాలికి గుర్తు చేస్తాడు. తరువాతి కాలంలో ఇంగ్లీషువారు గింజల కేకు అన్నప్పుడల్లా అందులో గింజ అంటే సీమ జీలకర్రే. విత్తనం నేలలో పడ్డాక, విత్తిన చేతులకు గింజతో చేసిన తీపి పెట్టటం ఎంత బాగున్నది! అంతమందికి సేద్యపు మెళుకువలు చెప్పిన టస్సర్ మాత్రం సేద్యంలో నిలదొక్కుకోలేదు. 1580లో బాకీదారుల జైలులో ప్రాణం విడిచాడు. నా వంటి సలహాదారులకు ఈ ముక్క ముల్లులా గుచ్చుకుంటుంది.

షేక్‌స్పియరు నాల్గవ హెన్రీ నాటకం రెండో భాగంలో ఒక పల్లెటూరి పెద్దమనిషి అతిథులను తోటలోకి తీసుకుపోయి, తాను స్వయంగా అంటు కట్టిన చెట్టు ఆపిలుపండ్లు, పక్కన పళ్ళెంలో సీమ జీలకర్ర పెట్టిస్తానంటాడు. ఆ రోజుల్లో ఈ గింజకు చక్కెర పాకం పట్టించి భోజనానంతరం నమిలేవారు. మన హోటళ్ళలో ఈనాడు రంగురంగుల సోపు పెట్టినట్లే.

1861లో శ్రీమతి బీటన్ వేసిన గృహ నిర్వహణ పుస్తకంలో ఈ కేకు కొలతలు ఖచ్చితంగా ఉన్నవి. మన తూకాల్లోకి మారిస్తే వెన్న 450 గ్రాములు, పిండి 450 గ్రాములు, చక్కెర 340 గ్రాములు, కోడిగుడ్లు 6, సీమ జీలకర్ర 21 గ్రాములు, జాజికాయ, జాపత్రి తగుమాత్రం, ఒక చిన్న గ్లాసు బ్రాందీ. అదే పుస్తకంలో పేదవారి కేకూ ఉన్నది. వెన్నకు బదులు మాంసం కాల్చగా కారిన కొవ్వు, గుడ్డు ఒక్కటే. గింజ మాత్రం రెండింటిలోనూ ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ కేకు వాడుక తగ్గిపోయింది. 1965లో అగాథా క్రిస్టీ రాసిన ఒక నవలలో, లండనులో ఇంకా అసలైన గింజల కేకు దొరికే హోటలు అంటే పాతకాలపు మర్యాదలు పోని చోటు అన్నట్లు చూపిస్తుంది.

ఇక మా పెద్దాయన అడిగిన ప్రశ్న. సీమ జీలకర్ర రెండేళ్ళ పంట. మొదటి ఏడు ఆకులు నేలబారుగా పరుచుకుని, కింద గడ్డలో ఆహారం దాచుకుంటుంది. తరువాత వారాల తరబడి చలికాలం గట్టి చలి తగలాలి. ఆ చలి తగిలితేనే మొక్కకు పూయవలసిన వేళ అయిందని తెలుస్తుంది; రెండో ఏడు వసంతంలో కాడ లేచి, తెల్లని గొడుగు పూలు పూసి, వేసవిలో కాస్తుంది. మన వికారాబాదులో జనవరి రాత్రులు చలిగా ఉన్నా పగలు ఎండ ఎక్కి ఆ చలి ప్రభావాన్ని చెరిపేస్తుంది. మొక్క ఎదురుచూస్తూనే ఉండిపోతుంది. ఈజిప్టు మొదలైన చోట్ల ఒక్క ఏడాదిలోనే కాసే రకాలు కూడా పండిస్తారు, కాని మా వాళ్ళకు అమ్మిన విత్తనం అది కాదు.

రెండేళ్ళు నేలను ఒక్క పంటకు ఇవ్వటం ఎవరికైనా కష్టమే. డచ్చి రైతులు దీనికి ఉపాయం కనిపెట్టారు. వసంతంలో బఠాణీ విత్తుతూ దానితోపాటే దీన్నీ చల్లేవారు. మొదటి ఏడు బఠాణీ డబ్బు చేతికి వస్తుంది, ఆ నీడలో ఇది నెమ్మదిగా కుదురుకుంటుంది, రెండో ఏడు దీని డబ్బు. మన కంది, జొన్న కలిపి వేసే రైతుకు ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు. పంట పండిన తరువాత గింజ ఇట్టే రాలిపోతుంది గనుక, పొద్దు పొడవకముందే, మంచు తడి ఉండగానే కోసేవారు. ఒకప్పుడు ఈ పంటకు హాలండు పేరెన్నిక గన్నది. ఇటీవలి దశాబ్దాల్లో ఫిన్లండు ముందుకు వచ్చి, లోకంలో అమ్ముడుపోయే గింజలో పావు వంతు దాకా తానే పండిస్తున్నది. ఇంకొక విశేషం: ఈ కార్వోనుకు ఆలుగడ్డ మొలకెత్తకుండా ఆపే గుణం ఉన్నదని తేలి, 1990ల్లో హాలండులో నిలవచేసిన ఆలుగడ్డల మీద వాడుకలోకి తెచ్చారు.

మరి హైదరాబాదు బిర్యానీ సంగతేమిటంటారా? దానిలో వేయవలసినది కొండ షాజీరా. షా అంటే పారశీకంలో రాజు. ఇరానులో కెర్మాన్ అనే సీమ ఈ గింజకు ఎంత ప్రసిద్ధమంటే, అక్కరలేని చోటికి సరుకు మోసుకుపోయేవాణ్ణి కెర్మానుకు జీర తీసుకుపోతున్నాడని అక్కడివారు వెక్కిరిస్తారు. పారశీక మర్యాదలు పాటించిన దక్కను దర్బారుల వంట ఇంటికి ఈ గింజ రావటంలో వింత లేదు. బిర్యానీ బియ్యం సగం ఉడికించే మరుగునీళ్ళలోనే దీన్ని వేస్తారు. ఈ మొక్క సీమ జీలకర్రకంటే మొండిది. మంచు కురిసే కొండల మీద నేలలో చిన్న దుంప కట్టి, విత్తిన మూడు నాలుగేళ్ళకు గాని పూయదు. అందుకే ఆ ధర. హిమాచల్‌లో పండే కాలా జీరాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. కనుక ఎవరైనా ఈ రెండింటిలో ఏ విత్తనమైనా మన మైదానాల రైతుకు అమ్మజూపితే, "నీ చేలో ఎక్కడ కాసింది, చూపించు" అని అడగండి.

వంటకు కొనుక్కోవటానికి అభ్యంతరం లేదు. క్యాబేజీ వాసన గిట్టనివాళ్ళు, ఒక మోస్తరు గడ్డకు అర చెంచా సీమ జీలకర్ర పోపులో వేసి చూడండి. నూనె మరీ కాగకూడదు. గింజ నల్లబడితే చేదు వస్తుంది. ఆలుగడ్డ వేపుడుకూ బాగుంటుంది. పొడి కొనకండి, గింజ కొని, మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి, కావలసినప్పుడు దంచుకోండి. విత్తనానికని తెచ్చి మిగిలిన గింజను మాత్రం వంటలో వేయవద్దు. దానికి మందు పట్టించి ఉండవచ్చు. మా పెద్దాయన ఇంట్లో మిగిలిన విత్తనాన్ని నేనే దగ్గరుండి గుంటలో పూడ్పించాను.

రోజువారీ వాడుకకైతే మనకు వాము ఉండనే ఉన్నది. వృక్షశాస్త్రజ్ఞులు ఒకప్పుడు వామును సీమ జీలకర్ర వంశంలోనే చేర్చి కారమ్ కాప్టికమ్ అని పిలిచారు. తరువాత వేరు చేశారు. తైలం వేరు, వాములో ఉండేది థైమాల్. చేసే పని ఒకటే. బజ్జీల్లో, జంతికల్లో, శనగపిండి తగిలిన ప్రతిచోటా మన ఆడవాళ్ళు వాము వేస్తున్నది, ఆ చలిదేశపు ఇల్లాళ్ళు రై రొట్టెలో గింజ వేసినందుకే. ఇది మన నల్లరేగళ్ళలో వాన మీదనే పండుతుంది. కర్నూలు జిల్లా రైతులకు పాత పరిచయం. లాం పరిశోధనా కేంద్రం వారు మంచి రకాలు కూడా ఇచ్చారు.

ఇదంతా తెలుసుకున్నాక నేను ఆ ఊరికి వెళ్ళాను. నా మాట నమ్మి అర ఎకరం పోగొట్టుకున్నారని ఒప్పుకున్నాను. పెద్దాయన ఏమీ అనలేదు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. 1629లో ఇంగ్లండులో పార్కిన్సన్ అనే తోటమాలి అచ్చువేసిన పుస్తకంలో ఈ గడ్డలను క్యారట్‌లాగా ఉడికించుకుని తింటారని రాశాడని చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు.

"మేమెప్పుడో పులుసుల ఏసుకొని తిన్నం సారూ. జర తియ్యగనే ఉన్నది. ఊరంతటికీ పంచినం" అన్నాడు. లోపలి నుంచి ఆయన భార్య, "ఇంకో రెండు గంపలు అట్లనే ఉన్నయి, సారుకు కట్టియ్యి" అన్నది.

ఆ రబీలో ఆ అర ఎకరంలో వాము వేశాము.